నాన్న ముందు చూసేది చక్రాలనే

చిన్నోడా, నిన్ను లేపబుద్ధి కాలేదు. నేను బస్సులో ఆస్పత్రికి వెళ్తున్నాను. మూడింటికల్లా నువ్వు కారు తీసుకురా, నాన్నని ఇంటికి పంపిస్తున్నారు. ఈలోగా చక్రాలు కడిగెయ్.

పొడి గుడ్డతో మాత్రం తుడవకు. వాటి మీది నలుపు మట్టి కాదు, బ్రేకులు అరిగి రాలిన ఇనుప పొడి, రంగుని గీరేస్తుంది. పోయినసారి నువ్వు గిన్నెలు తోమే పీచుతో రుద్దిన గీతలు తలుపు మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఆ తిట్లు నేనే తిన్నాను. ముందు నీళ్ళు కొట్టు, తర్వాత సబ్బు నీళ్ళు, సందుల్లోకి పాత టూత్‌బ్రష్. చక్రాలు తుడిచిన గుడ్డ తలుపులకి వాడకు.

నెలన్నరగా ఆస్పత్రికీ ఇంటికీ తిరగడమే సరిపోయింది, ఒక్కసారీ కడగలేదు. నాన్న నలభై ఏళ్ళు డ్రైవరుగా చేసిన మనిషి. "చక్రాల మీద మసి పేరుకుందంటే ఆ ఇంట్లో ఎవరికో బాగాలేదనే" అనేవాడు కదా. చక్రాల కుర్చీలో కారు దాకా తెస్తారు. చెయ్యి సరిగ్గా టైరు ఎత్తుకి వస్తుంది. వేలితో రాసి చూడకుండా ఎక్కడు.

ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు డాక్టరు. నిన్న నీకు చెబుదామంటే నోరు రాలేదు. ఇలా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

నాన్నకి తెలీదు. నయమైంది కాబట్టే పంపిస్తున్నారనుకుంటున్నాడు. ఆ వేలికి మసి అంటకూడదురా.

— అక్క