మా ఆయన ముఖంలో వెలుగు

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్,
13-3-2004

దెబోరా అక్కకు చెల్లెలి వందనాలు.

నా మొహం మీది మంగు పోతుందని నువ్వు పంపిన దానిమ్మ సారం క్యాప్సూల్స్ అందాయి. కొత్త మందు కదా, భయమేసి ముందు మా ఆయన మీద పరీక్షించాను. రోజూ ఒకటి విప్పి, ఆయనకు తెలియకుండా నిమ్మకాయ టీలో కలిపాను. నెల తిరిగేసరికి డబ్బా ఖాళీ అయింది, ఆయన బుగ్గలు నిగనిగలాడాయి.

మొన్న ఆదివారం ఆయన చర్చిలో లేచి, ఇదంతా శుక్రవారం ఉపవాసాల మహిమేనని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పారు. "అచ్చం దేవుణ్ణి చూసి కొండ దిగిన మోషే మొకంలాగే వెలుగుతోందర్రా!" అన్నారు పెద్దలు. దాంతో ఆడవాళ్లంతా ఉపవాసం పట్టారు. నిన్న ప్రార్థనలో, షుగరున్న కాంతం పిన్ని కళ్లు తిరిగి పడిపోయింది. నోట్లో రసగుల్లా పాకం పోస్తే తేరుకుంది. వచ్చే శుక్రవారం కూడా ఉంటానంటోంది.

నిజం చెబితే ఆయన పరువు పోతుందని ఊరుకున్నాను. కానీ పాస్టరమ్మ అందరి ముందూ నా గడ్డం పట్టుకుని, "ఏటమ్మా, ఇంట్లో అంత వెలుగున్నా నీ మొకం ఇలాగుందేటి? నువ్వూ కాస్త మోకరించు" అంది.

అందుకే రేపు సాక్ష్యంలో అంతా చెప్పేస్తున్నాను. కాంతం పిన్ని ప్రాణం కోసమనే చెబుతాను.

ఇంకో డబ్బా పంపు. ఈసారి నేనే మింగుతాను.

నీ చెల్లెలు