టిక్కెట్టు పెట్టిన సభ

మద్రాసు, మైలాపూరు,
11 డిసెంబరు 1957

నా సలోమికి, దేవుని కృపలోనూ ఇంటి బెంగలోనూ సమంగా ఉన్న దేవదానం రాసేది.

పంతులమ్మ ప్రసన్నకుమారిగారు ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేటప్పుడు నవ్వితే నవ్వనియ్యి. నవ్వదగ్గ పనే చేశాను.

ముందు కంటి సంగతి. రోజూ పొద్దున ఆసుపత్రిలో చుక్కలు వేస్తున్నారు. మంట పుడుతుంది గాని పొర ఇంకా ముదరలేదట. పన్నెండు రోజులు వేయించుకొని రావాలి. పగటి వెలుతురులో చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. దీపం పెట్టాక మాత్రం పుస్తకం తెరవొద్దన్నాడు డాక్టరు. "దీపం దగ్గర వాక్యం చదవకపోతే నాకు అన్నం దిగదయ్యా" అన్నాను. "అయితే ఈ పన్నెండు రోజులు చెవులతో చదువుకోండి" అన్నాడు.

సరే, చెవులే అనుకొని, నేను దిగిన సత్రం పక్కన కాఫీహోటల్లో గల్లా దగ్గర కూర్చునే నెల్లూరాయనను అడిగాను. "ఈ దగ్గర సాయంత్రం పూట సభలేమన్నా జరుగుతాయా అన్నా?"

"సభలా! ఈ నెలంతా సభలే కదా స్వామీ. వీధికొకటి. ఈ పక్క సందులోనే ఉంది, ఆరు గంటలకు. ముందే పోండి, చోటు దొరకదు."

సలోమీ, నా గుండె పొంగింది. దొర్నిపాడులో మనం సువార్త సభ పెడితే పెట్రోమాక్సు లైటు చుట్టూ మనుషులకన్నా పురుగులే ఎక్కువ. ఇక్కడ వీధికొక సభ, అందులో చోటు దొరకదట! మద్రాసుకు ఇంత ఉజ్జీవం ఎప్పుడొచ్చింది, మనకెవరూ చెప్పలేదే అనుకొని, బైబిలు చంకలో పెట్టుకొని ఐదున్నరకే పోయాను. పెద్ద తాటాకు పందిరి. పట్టుచీరలు, జరీ పంచెలు, మల్లెపూలు. ధనవంతులు కూడా మారుమనస్సు పొందారని స్తోత్రం చేశాను. ఇంతలో గేటు దగ్గర ఒకాయన టిక్కెట్టు అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. "దేవుని మాటకు టిక్కెట్టా! దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు ఎందుకు తలకిందులైనాయో తెలుసా నీకు?" అని గొంతెత్తాను. నంద్యాల సంతలో మైకు లేకుండా వినిపించిన గొంతు, నీకు తెలుసు కదా. లోపలి నుంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. నా కేకను, నా నెరిసిన జుట్టును, చంకలో ఉన్న నల్ల అట్ట పుస్తకాన్ని చూసి, ఎవరో పెద్ద విద్వాంసుడు అలిగాడనుకున్నారో ఏమో, చేతులు జోడించి తీసుకుపోయి రెండో వరసలో కూర్చోబెట్టారు.

వేదిక మీద నీ వయసు మనిషి ఒకామె కూర్చుంది. అటుపక్క ఫిడేలు, ఇటుపక్క మృదంగం. ప్రసంగానికి ముందు సోదరి సాక్ష్యం కాబోలనుకున్నాను. ఆమె కళ్లు మూసింది. ప్రార్థన అనుకొని నేనూ తల వంచాను. అప్పుడు పాట ఎత్తుకుంది, తెలుగులో! చుట్టూ అరవం మాట్లాడే ఊళ్లో, నా భాషలో! ఎన్నాళ్లని నిన్ను పిలవాలి, నీ ముఖం ఎందుకు దాచుకుంటావు, చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు అని అడుగుతోంది. అచ్చం దావీదు మొరపెట్టినట్టే. "ఆమేన్!" అన్నాను. గట్టిగానే అన్నాను. మృదంగం ఆయన చెయ్యి ఒక దెబ్బ తప్పింది.

పాట చివర ఆమె పిలిచే పేరు వచ్చింది. అది మన ప్రభువు పేరు కాదు. ఇది సంగీతం సభ అని అప్పటికి తెలిసింది. లేవబోయాను. పక్కనున్న ముసలి ప్లీడరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీకు మాట తెలిసిందా? నాది బజారు తెలుగు. నలభై సంవత్సరం ఈ పాట విన్నాను సార్, ఆ అమ్మ ఏమి అడుగుతుందో తెలియదు."

అర్థం చెప్పమన్న మనిషిని వదిలి ఎట్లా పోను? దారిలో అడిగినవాని కోసం ఫిలిప్పు రథమెక్కి కూర్చోలేదా? చెప్పాను. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, తొమ్మిది గంటలకు సభ ముగిసేదాకా ప్రతి పాటకూ చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నీ దేవదానం

*

మద్రాసు,
15 డిసెంబరు

సలోమీ,

ఈ ఉత్తరం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదవమని పంతులమ్మగారితో చెప్పు. పక్కింటి అంకమ్మ గడపలో కూర్చొని ఉంటే ముందు ఆమెను పంపించు.

నేను మళ్లీ పోయాను. ఒక రోజు కాదు, ప్రతి సాయంత్రమూ. ఒక పందిట్లో వేణువు, ఇంకోచోట ఇద్దరు అక్కచెల్లెళ్లు. పాటకూ పాటకూ మధ్య జనం వెనకవైపు క్యాంటీనుకు పోయి దోసెలు తింటూ, ఇప్పుడు విన్నదాని మీద తగవులాడుకుంటారు. మన ప్రసంగాల మీద ఎవరైనా అట్లా తగవులాడారా? మొన్న ప్లీడరుగారు సముద్రం వైపు ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయాడు. భోజనాల గదిలో గోవావాళ్ల బ్యాండు వాయిస్తోంది. బాకా ఊదే మనిషి మెడలో సిలువ ఉంది. ఆ సిలువతో ఇక్కడేం పని అని మందలిద్దామనే దగ్గరికి పోయాను. తినేవాళ్లెవరూ అతన్ని చూడటం లేదు. అతను మాత్రం కళ్లు మూసుకొని, ఒక్కరికోసం ఊదినట్టు ఊదుతున్నాడు. చప్పట్లు కొట్టి వచ్చాను.

ఇక ఏడ్చిన సంగతి.

తొమ్మిదేళ్ల కిందట మన ఆళ్లగడ్డ సంఘంలో కోతపండుగ. నువ్వు కీర్తనను కలుపుపాట వరసలో ఎత్తుకున్నావు. ఆడవాళ్లంతా అందుకున్నారు. నీ పాదం నేల మీద దెబ్బ వేస్తోంది. నేను లేచి ఏమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "చేలోపాట మందిరంలోకి తెస్తావా? ఆటాడి యోహాను తల తీయించినదాని పేరు నీది, బుద్ధి యాడికి పోతుంది? కూర్చో" అన్నాను. నువ్వు కూర్చున్నావు. ఇంటికొచ్చి అన్నం పెట్టావు. ఆ రోజు నుంచి నీ పాట నేను వినలేదు. సిగ్గులేనివాణ్ణి, దాన్నే భార్య విధేయతకు ఉదాహరణగా వెలుగోడు సభలో చెప్పాను కూడా.

వేదిక మీద ఆమె కళ్లు మూసుకున్నప్పుడు నాకు నువ్వు కనపడ్డావు. సత్రానికి వచ్చి పడుకున్నా నిద్ర రాలేదు. నిన్న పగలు మార్కు సువార్త ఆరో అధ్యాయం తీశాను. హేరోదు ముందు ఆడిన ఆ పిల్లకు పేరు లేదు సలోమీ. మత్తయి తీశాను. అక్కడా లేదు. ఎవరో చెప్పగా ఎప్పుడో విని, చూడకుండానే నీ నెత్తిన వేశాను. వాక్యంలో సలోమి ఒక్కతే. శిష్యులు పారిపోయిన రోజున సిలువకు దూరంగా నిలబడి చూసిన మనిషి, తెల్లవారుతూనే సుగంధద్రవ్యాలు పట్టుకొని సమాధికి పోయిన మనిషి. వాక్యం తప్ప మరో మాట నా నోట రాదని ఊరూరా చెప్పుకునే నేను, వాక్యంలో లేని మాటతో నీ నోరు మూయించాను.

నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు వాక్యమే అడ్డం కావాలనిపిస్తోంది. వద్దు. ఉత్తిగానే అడుగుతున్నాను. క్షమించు. క్రిస్మసు ఆరాధనలో ఆ కీర్తన ఆ వరసలోనే పాడు. నేనే లేచి సంఘం ముందు నిన్ను పిలుస్తాను. పాడతావా? ఇరవై మూడున బయలుదేరతాను, అంతలోపల ఒక ముక్క రాయించు. జవాబు రాకపోతే నీ గొంతు పోయిందని, పోగొట్టింది నేనేనని అనుకుంటాను.

నీ దేవదానం

*

ఆళ్లగడ్డ,
19 డిసెంబరు

దేవదానంగారికి నమస్కారాలు. సలోమమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, తిట్లతో సహా. ప్రసన్నకుమారి.

మామా,

నీ ఉత్తరం ముట్టింది. అంకమ్మను పంపియ్యమంటివి, ఆమె పోలే. "తొమ్మిదేండ్లకు మనిషి మాట్లాడుతాండాడు, నేనూ ఇంటా" అని ఈడే కూచునింది. పంతులమ్మ చదువుతాంటే ఏడ్చింది ఆమే, నేను కాదు.

నా గొంతు యాడికీ పోలే. నువ్వు ఊర్లు పట్టుకొని పోయినప్పుడు ఈడ ఏం జరుగుతాదనుకున్యావ్? నీ బస్సు మలుపు తిరిగేదే ఆలస్యం, మోషేన్న తప్పెట తీస్తాడు. పేటలో ఆడోళ్లంతా మనింటికే వస్తారు. నీ కీర్తనలన్నీ చేలోపాటల వరసల్లోనే పాడతాం. ఏ ఊరికి ఏ పొద్దు పోయేదీ కాయితం రాసి గోడకు అంటిస్తావే, అది నీకంటే మాకే ఎక్కువ అక్కర. పోయిన నెల నందికొట్కూరు కూటం నిలిచిపోయి నువ్వు ఇంట్లోనే ఉంటే, అంకమ్మ నిన్ను తిట్టిన తిట్లు పంతులమ్మ రాయనంటాంది. కంటికి పొర ఇప్పుడొచ్చింది గాని మామా, నీ చెవికి ఎప్పుడో వచ్చింది.

నువ్వొస్తే ఆపేసేది భయపడి కాదు. నువ్వు పాట ఇంటే ఇన్నట్టుండదు, తప్పు వెతికినట్టుంటాది. దేవుడు ఇంటాండాడు చాల్లే అనుకున్యాం.

నొప్పి పాటది కాదు, పేరుది. అది మా నాయన పెట్టిన పేరు. ఆ పొద్దు నాయన గుళ్లోనే ఉండె, వెనక వరసలో. ఇంటికి పోతా "తెలీక పెట్టినా బిడ్డా" అన్యాడు. అదే మాట మనసులో పెట్టుకొని మరుసటేడు సచ్చిపోయె. అందరి ముందర అంటివి, అందరి ముందరే ఎనక్కి తీసుకో. క్రిస్మసుకు నువ్వు చేయాల్సింది అది. "వాక్యంలో లేదు, నేను తప్పు చెప్పినా" అను. అంతే అను. దానిమీద గంట ప్రసంగం చేయొద్దు.

గుళ్లో నువ్వు పిలిస్తే మాత్రం నేను లెయ్యను. కూచోమన్నప్పుడు కూచొని లెయ్యమన్నప్పుడు లెయ్యడానికి నేనేమన్నా నీ గొడుగునా, ముడిస్తే ముడుచుకునేదానికి, తెరిస్తే తెరుచుకునేదానికి? ఆడోళ్లందరితో నేనూ పాడతా, నా అంతట నేను.

ఒకటి అడుగుతాండా. ఎవరో మద్రాసామె ఎదురుగా పూటకు మూడు గంటలు కూచున్యావంట. ఇరవై రెండేండ్ల కాపురంలో నా ఎదురుగా ఎప్పుడన్నా అట్లా కూచున్యావా? నాకు కుళ్లుగా ఉంది. పంతులమ్మా, నవ్వాకు, కుళ్లనే రాయి. నువ్వొచ్చిన పొద్దు కాళ్లు కడుక్కొని, బువ్వ తిని, నా ఎదురుగా కూచో. నీకొక్కనికే పాడతా. అర్థం నాకు చెప్పొద్దు. మధ్యలో దావీదును పిలవొద్దు. పాట అయిపోయినాంక గూడా రోంతసేపు ఊరికే ఉండు.

సలోమి