పిస్టన్‌కు అవ్వ పెట్టిన బొట్టు

ఆదివారం, రాత్రి

శానా రోజులసంది నీలం పొగ కక్కుతున్న మా పాత ట్రాక్టర్ ఇంజన్‌కు కల్వకుర్తిల బోరింగ్ చేయించి, అరిగిన సిలిండర్లను లోపల చెక్కించి తెచ్చినం. సిలిండర్ లోపల అద్దం లెక్క నున్నగ ఉంటదనుకున్న. చూస్తే గోడలకు సన్నటి అడ్డగీతలు! "గా గీతలల్లనే ఆయిల్ ఆగుతది" అన్నడు ఇంజన్ బిగించనీకి ఇంటికొచ్చిన మిస్త్రి.

ఆయన చాయ్ తాగొచ్చేసరికి, గోనెసంచి మీద పెట్టిన కొత్త పిస్టన్లన్నిటికి అవ్వ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

"అవ్వా, ఏం జేసినవే! గా పొడి లోపలికి పోతే సిలిండర్ గీసుకపోతది" అన్నడు మిస్త్రి.

"కొత్తదానికి బొట్టు పెట్టకుంటె ఎట్లరా?"

"అంతా బిగించినంక పైన పెట్టు."

"లోపల కష్టపడేది ఇది. బొట్టేమో పైన రేకుకా?"

మిస్త్రి అన్నిటిని డీజిల్‌తోటి కడిగి ఎక్కించిండు. ఒక గీత మంచిదట, ఇంకో గీత చెడ్డదట, నాకైతే సమజ్ కాలే. ఇంజన్ మీద హెడ్డు మూసే ముందు వంగి చూసిన. ఒక పిస్టన్ నెత్తిమీది గుంతల ఎర్ర చుక్క అట్లనే ఉంది. మిస్త్రి చూడలేదా, చూసి ఇడిసిపెట్టిండా? అడుగుదామనేసరికి "జర జరుగు" అని మూసేసిండు.

నాట్లు దగ్గరవడ్డయి. ఇప్పుడు ఇంజన్ మళ్ల ఖరాబయితే ఎట్ల? లేకుంటె గా చుక్క మొదటి మంటకే బూడిదయితదా? పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడు అందరు నీలం పొగ పోయిందా అని చూస్తరు. నేనేమో పొగల ఎరుపు కనవడ్తదేమో అని చూస్త...

చుక్క సంగతి అవ్వకు చెప్పలే. చెప్తే పొగకు గూడ మొక్కుతది.