నాయనమ్మ ఏరి పక్కన పెట్టిన మామిడి ముక్కలు

ఆదివారం, ఖానాపురం హవేలి

కొత్తగా వచ్చే నవలలన్నీ ఇంతే. అటక మీద పెట్టె, అందులో ఉత్తరం, ఆఖరి పేజీల్లో ఇంటి గుట్టు. విసుక్కుంటూనే మొన్న కొన్న నవల ఈ రోజు పూర్తి చేశాను. అందులో చర్ల అడవిలోని ఒక కోయ ముసలమ్మ, గూడెంలో మామిడికాయ పండుగ జరిగేదాకా ఆ ఏటి కాయ నోట పెట్టదు. అక్కడ ఆగిపోయాను.

మా నాయనమ్మ ఉగాది పచ్చడిలోంచి కూడా మామిడి ముక్కలు ఏరి పక్కన పెట్టేది. ఆమెకు పులుపు పడదు అనేవాళ్లు ఇంట్లో. మరి నెల తిరక్కుండానే ఉప్పూకారం అద్దుకుని కాయలకు కాయలు తినేది. అడిగితే, "అప్పటికి ఇంకా రోజు రాలే బిడ్డా" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను.

"నాయనమ్మ పుట్టిల్లు ఎక్కడ నాన్నా?"

"తల్లాడ అని చెప్పిన గదా."

"తల్లాడలో ఎవరిల్లు?"

"గిప్పుడెందుకమ్మా గవన్నీ? అన్నం తిన్నవా?" అని పెట్టేశాడు.

ఇంటినిండా మేమంతా ఉండగా, ఆమె ఒక్కతే ఆ పండుగ రోజు కోసం ఎదురుచూసేదన్నమాట.

ఆమె పోయి ఎనిమిదేళ్లు. మా ఇంట్లో పెట్టె లేదు, ఉత్తరం లేదు. ఆమెకు రాయడమే రాదు. ఈ కిరాయి గదిలో, పప్పులో వేద్దామని తెచ్చిన మామిడికాయ కత్తిపీట పక్కనే ఉంది. ఒట్టి పప్పుతో తిన్నాను. రోజు వచ్చిందో లేదో ఎవర్ని అడగాలి?