కొమ్ముల్లేని నక్షత్రం

అమలాపురం, 1986 ఆగస్టు

మీకు,

మీ స్టూడెంట్ ప్రసాదు ఇవాళ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు బెంగుళూరులో పరిశోధన చేస్తున్నాడు. కప్పలకి జబ్బు చేసే ఆ వైరస్ ఫొటోలు బోలెడు కలిపి, దాని పూర్తి ఆకారం తీశారట. ఆ బొమ్మ చూపించాడు.

“మాస్టారు కొబ్బరి ఈనెలతో కట్టింది ఇదేనండీ. ఆయ్, ఇరవై ముఖాలూ ఉన్నాయండీ.”

పత్రికలో ఆ వైరస్ ఫొటో, ఆరు మూలల మచ్చ ఒకటి చూసి మీరు దాన్ని కట్టారు. గోడమీద నీడ అచ్చం ఆ మచ్చలా పడేదాకా “మణీ, లాంతరు ఇంకాస్త ఎడమకి” అంటూ నన్ను కూర్చోనిచ్చేవారు కాదు. కాలేజీలో అందరూ నవ్వారు. మీరు పోయాక పారెయ్యలేక, ఎర్రకాగితం అంటించి ఏటా క్రిస్మస్‌కి వరండాలో వేలాడదీస్తున్నాను. “కొమ్ముల్లేని నక్షత్రమేంటండీ” అంటారు పక్కింటి మరియమ్మగారు.

మన చేలల్లో కప్పలు పోయింది కూడా ఈ వైరస్ వల్లేనా అని ప్రసాదుని అడిగాను.

“చెప్పలేమండీ. పొద్దున్నుంచీ చేలన్నీ తిరిగేను. పరీక్ష చేద్దామంటే ఒక్క కప్పా దొరకలేదండీ.”

అతను వెళ్ళాక మీ నక్షత్రాన్ని అటకమీంచి దించి, కాగితం చింపేశాను. లాంతరు బల్లమీద పెట్టి, ఎదురుగా పట్టుకున్నాను. నీడ మొదటిసారే సరిగ్గా పడింది. ఎడమకి జరపమని ఎవరూ అనలేదు.

బయట పెద్ద వాన. కిటికీ తెరిచి చాలాసేపు విన్నాను. వాన చప్పుడొక్కటే ఉంది.

మణి