గోడకెక్కిన బొంత

బెంగళూరు, ఆదివారం

వీరేష్ అన్నకు, నేను బాగున్నాను, వేళకు తింటున్నాను, ఈ కార్డు అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

ఈ కార్డు వెనకనున్న బొమ్మ పెయింటింగు కాదన్నా, బొంత! ఈరోజు మా కుట్టు క్లాసు వాళ్ళందరినీ మ్యూజియానికి తీసుకొచ్చారు. అమెరికాలో పత్తి పండే సీమలో పుట్టిన ఒక నల్లజాతి ఆవిడ, తన ఊరి బతుకు మీద చేసినవన్నీ ఇక్కడ పెట్టారు. ఈ బొంతనైతే గోడకు వేలాడదీసి, ఎవరూ ముట్టుకోకుండా తాడు కట్టారు. మొగుడు చనిపోతే, ఆయన చేనికి వేసుకుపోయిన బట్టలే కోసి కుట్టిందట! మోకాళ్ళ దగ్గర అరిగిన గుడ్డ అట్లాగే కనిపిస్తోంది. చూస్తూనే నాకు ఒళ్ళు ఝల్లుమంది. పక్కనున్న అనురాధ, మా క్లాసులోని ఆలూరు పిల్ల, "సచ్చిపోయినాయన గుడ్డలు యాడన్నా ఇంట్లో పెట్టుకుంటారామే? ఈళ్ళు సూడు, గోడకే ఎక్కించినారు!" అని నోరు వెళ్ళబెట్టింది.

నాన్న బట్టల మూట ఇంకా అటక మీదే ఉందా? సంవత్సరీకం లోపల ఎవరికైనా ఇచ్చేయమని పెద్దమ్మ అంటోంది కదా, ఇవ్వొద్దు. పత్తికి పురుగుమందు కొట్టే డబ్బా పట్టీ ఒరిసి భుజం దగ్గర వెలిసిపోయిన నీలం చొక్కా అసలే ఇవ్వొద్దు. అమ్మ దాన్ని బొంతలో వేసుకుంటానంటే కత్తెర లాక్కున్నది పెద్దమ్మే. ఈ బొమ్మ ఆమెకు చూపించు.

పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు తోలినారా? ఎమ్మిగనూరులో ఆపరేషను చేయించిన అమ్మ కన్ను మానిందా?

పెద్దమ్మకు నా దండాలు. అమ్మకు చూపు ఆనకపోతే, సూదిలోకి దారం నువ్వే ఎక్కించి ఇవ్వు.

నీ చెల్లెలు,
త్రివేణి