నీచే గది

శనివారం, రాత్రి

పెద్దమ్మ, పెదనాన్న శ్రీకాకుళం నుంచి ఊరు చూడ్డానికి వస్తున్నారు. మా రైల్వే క్వార్టర్ మూడో అంతస్తులో ఉంది. పెదనాన్న మోకాళ్లతో ఈ మెట్లెక్కలేడు. అందుకే సాయంత్రం ఇక్కడి తెలిపారా పేటలో ఒక లాడ్జి చూసి, అక్కడి నుంచే పెద్దమ్మకి ఫోన్ చేశాను. పక్కనుంచి మేనేజరు, "నీచే కా కమ్రా హై, మాతాజీ!" అని గట్టిగా చెప్పాడు.

పెద్దమ్మ గొంతు మారిపోయింది. "ఏటే, కార్తీకమాసంలో మమ్మల్ని నీచు గదిలో దించుతావేటే?"

హిందీలో నీచే అంటే కింద అని, చేపలూ మాంసం కాదని చెప్పేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే అడిగింది. "సర్లే గానీ, మరి నువ్వెక్కడ తొంగుంటావే?"

"మా క్వార్టర్లోనే," అన్నాను.

పెద్దమ్మ నవ్వడం ఆపేసింది.

"అయితే మేం నిజంగా ఊరు చూడ్డానికే వస్తన్నామనుకున్నావేటే?"

నేనేమో మోకాళ్ల గురించే ఆలోచించాను, మెట్ల గురించే ఆలోచించాను. ఇంకేమీ తట్టనేలేదు.

రేపు ఆ మేనేజరుని ఇంకో పరుపు అడగాలి. మంచం లేకపోయినా ఫరవాలేదు, వాళ్ల పక్కనే నేలమీద వేసుకుంటాను.

నీచే.